చీలింది ఎవరి ఓటు?

ఉగాది మరుసటి రోజు కైరుప్పలలో పిడకల సమరం జరుగుతుంది. ఆస్పరి మండలంలోని ఈ ఊరి పేరు ఏడాదికొక్కసారి పేపర్లకెక్కేది ఆ పిడకల పుణ్యానే. వీరభద్రస్వామి తరఫున ఒక వర్గం, కాళికాదేవి తరఫున ఒక వర్గం. ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. దెబ్బలు తగులుతాయి. ఆ తర్వాత రాజీ కుదిరి, దేవుళ్లకు పెళ్లి చేసి, అందరూ కలిసి ఇళ్లకు పోతారు. అక్కడ మూడో పక్షం లేదు. మొగుడూ పెళ్లాల తగాదాలో మూడోవాడికి పనేముంది?

ఆ ఆటతో మాకు పేచీ లేదు. అదే ఆటను ఐదేళ్లకోసారి ఆదోనిలో, ఎమ్మిగనూరులో, ఆలూరులో ఎన్నికల పేరుతో మన చేత ఆడిస్తున్నవాళ్లతోనే పేచీ. సీమ నీళ్ల గురించి, సీమ వాటా గురించి మాట్లాడేవాడు ఒక్కడు నామినేషన్ వేస్తే చాలు, రెండువైపుల పిడకలూ వాడి మీదే పడతాయి. 'ఓట్లు చీలుస్తున్నాడు' అంటారు. 'అవతలోళ్ల దగ్గర సూట్‌కేసు తీసుకున్నాడు' అంటారు. పార్టీల భజనపరులు ఈ మాటంటే మేం పట్టించుకునేవాళ్లం కాదు. మన సభలకొచ్చి, మన కరపత్రాలు పంచి, ప్రత్యేక రాష్ట్రం తప్ప సీమకు గతి లేదని బల్లగుద్ది చెప్పే మిత్రులే అంటున్నారు. మొన్న ఆదోనిలో ఒక ఉద్యోగి మిత్రుడు టీ తాగుతూ మాతో అన్నాడు: "మీరు చెప్పేదంతా నిజమేప్పా. కానీ ఓటు పాడు చేసుకోలేం గదా!"

ఈ ఒక్క మాటకు జవాబు చెప్పుకోకపోతే మనం ఎన్ని సభలు పెట్టినా దండగే.

మూడోవాడు నిలబడితే రెండోవాడు మునుగుతాడా? దీన్ని పరీక్షించడానికి సీమవాళ్లకు బాగా దగ్గరి లెక్క ఒకటుంది. అది 1969 రాష్ట్రపతి ఎన్నిక. ఆ ఏడాది మే 3న జాకిర్ హుస్సేన్ చనిపోయారు. కాంగ్రెస్ తన అభ్యర్థిగా అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డిని నిలబెట్టింది. ఆయన పేరును ప్రతిపాదిస్తూ సంతకం పెట్టిన ఇందిరాగాంధీయే, చివర్లో 'అంతరాత్మ ప్రబోధం' ప్రకారం ఓటెయ్యమని సొంత పార్టీ వాళ్లకు చెప్పి వి.వి.గిరి వైపు తిరిగారు. ఆయనా తెలుగువాడే. ఇక మూడో మనిషి సి.డి.దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు, నెహ్రూ దగ్గర ఆర్థికమంత్రిగా చేసినవాడు. జనసంఘ్, స్వతంత్ర పార్టీలు ఆయన్ను నిలబెట్టాయి. వీళ్లు కాక పోటీలో ఇంకా పన్నెండు మంది ఉన్నారు, వాళ్లను ఎవరూ లెక్కచెయ్యలేదు.

ఆగస్టు 16న ఎన్నిక, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవాలంటే 4,18,169 రావాలి. ఎవరికీ రాలేదు. మన ఎమ్మెల్యే ఎన్నికైతే అక్కడితో తీర్పు అయిపోయేది. 88 వేల తేడాతో గిరి గెలిచాడు, బాణసంచా కాల్చుకోండి అనేవారు. రాష్ట్రపతి ఎన్నికలో అలా కుదరదు. వెనకబడిన అభ్యర్థులను ఒక్కొక్కరినే తప్పించి, వాళ్లకు ఓటేసినవాళ్లు రెండో స్థానంలో ఎవరిని రాశారో చూసి ఆ ఓటును వాళ్లకు కలుపుతారు. కలిపితే గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. 88 వేల తేడా 14,650కి దిగింది.

'దేశ్‌ముఖ్ అడ్డం రాకపోతే మన సంజీవరెడ్డి గెలిచేవాడు' అనే పెద్దమనుషులు ఎవరైనా కనిపిస్తే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. దేశ్‌ముఖ్‌తో పాటు తప్పుకున్నవాళ్ల ఓట్లలో సంజీవరెడ్డికి 91,879 చేరాయి, గిరికి 18,562 చేరాయి. ఇద్దరికీ చేరకుండా మిగిలిపోయినవి 10,833. ఆ మిగిలిన ఓట్లన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, సంజీవరెడ్డికే వేసుకోండి. అయినా గిరిదే గెలుపు! మూడోవాడు ఒక్క చుక్క కూడా ఒలకబొయ్యలేదు. సంజీవరెడ్డిని ముంచింది బయటివాడు కాదు, ఆయన నామినేషన్ మీద సంతకం పెట్టిన చెయ్యి. ఆయన తిరిగి లేచిందీ మన జిల్లా నుంచే. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కు పోతే, జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్కటి నంద్యాల. అక్కడ గెలిచిన సంజీవరెడ్డి ఆ ఏడాదే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. రాష్ట్రపతిని ఎన్నుకునే ఎంపీలు, ఎమ్మెల్యేలు తమకు 1, 2, 3 అని రాసుకునే బ్యాలెట్ పెట్టుకున్నారు. రాజ్యాంగం 55వ అధికరణంలోనే ఆ ఏర్పాటు ఉంది. రాజ్యసభకు అంతే, ఎమ్మెల్సీలకు అంతే. అంటే పెద్దల ఓటు పాడు కాకుండా అన్ని జాగ్రత్తలూ తీసుకున్నారు. ఆ పెద్దలను గెలిపించే మనకు మాత్రం ఒక్క బటన్. నొక్కి బయటికి పో.

ఈ తేడా ఎంతటిదో పట్టభద్రులకు చెప్పక్కర్లేదు. కడప, అనంతపురం, కర్నూలు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక 2023 మార్చిలో జరిగింది కదా. ఆదోనిలో, ఎమ్మిగనూరులో మన ఉద్యోగులు, డిగ్రీ చదివిన మన పిల్లలు లైన్లలో నిలబడి వేశారు. మొదటి ప్రాధాన్య ఓట్లలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డి ముందున్నారు. తెలుగుదేశం అభ్యర్థి భూమిరెడ్డి రామగోపాలరెడ్డి రెండో స్థానం. మూడో స్థానంలో వామపక్షాల మద్దతున్న పీడీఎఫ్ అభ్యర్థి. రెండో ప్రాధాన్యం ఇచ్చిపుచ్చుకుందామని పీడీఎఫ్, తెలుగుదేశం ముందే మాట్లాడుకున్నాయి. కిందివాళ్లను తప్పిస్తూ లెక్కపెట్టేసరికి రామగోపాలరెడ్డి సుమారు ఏడున్నర వేల ఓట్లతో బయటపడ్డారు. గెలిచింది మంచోడా చెడ్డోడా అనేది మా వాదం కాదు. మూడోవాడికి వేసిన ఓటు చెత్తబుట్టలోకి పోలేదు, అదే తీర్పు చెప్పింది. పీడీఎఫ్ వాళ్లు ఓట్లు చీల్చారని ఆ రోజు ఎవడూ పిడక విసరలేదు!

అదే జనం, అవే ఊళ్లు, 2009కి పోదాం. ప్రజారాజ్యానికి రాష్ట్రమంతటా నూటికి పదహారు ఓట్లు వచ్చాయి. సీట్లు 18. కాంగ్రెస్‌కు నూటికి ముప్పయ్యారు, ముప్పయ్యేడు ఓట్లతో 294లో 156 సీట్లు. తెలుగుదేశానికి 92. చిరంజీవి చీల్చకపోతే చంద్రబాబు గెలిచేవాడని ఇప్పటికీ లెక్కలేస్తుంటారు. ఎలా తెలిసిందయ్యా మీకు? ఆ పదహారు మందిలో ఎంతమందికి రెండో ఇష్టం తెలుగుదేశం, ఎంతమందికి కాంగ్రెస్, ఎంతమందికి ఇద్దరూ వద్దు? ఎవరికీ తెలియదు. వాళ్లను ఎవరూ అడగలేదు కాబట్టి. పోలింగు కేంద్రంలో అడిగే ఏర్పాటు లేదు కాబట్టి. చివరికి 2011లో పార్టీని తీసుకుపోయి కాంగ్రెస్‌లో కలిపేసినప్పుడు కూడా అడగలేదు.

మూడో పార్టీల మీద మాకున్న కోపమంతా అక్కడే. 1971లో తెలంగాణ ప్రజా సమితి 14 లోక్‌సభ సీట్లలో 10 గెలిచింది. తెలంగాణ జనం ఇంతకంటే గట్టిగా ఏం చెప్పగలరు? ఆ ఏడాది పూర్తికాకముందే నాయకత్వం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆ పది సీట్లకు జవాబు రావడానికి 2014 జూన్ 2 దాకా ఆగాల్సి వచ్చింది. ఓట్లు చీల్చినందుకు కాదు, చీల్చిన ఓట్లను అమ్ముకున్నందుకు మూడోవాడిని నిలదీయండి. మన సీమ పేరు చెప్పి రేపు నిలబడేవాడైనా సరే, గెలిచాక గానీ ఓడాక గానీ ఏ పెద్ద పార్టీలోనూ కలపనని ముందే స్టాంపు కాగితం మీద రాసివ్వమనండి. రాయనివాడికి మా పత్రికలో రెండు లైన్లు కూడా ఉండవు.

ఒక్క బటన్ ఉన్నంతకాలం, పోటీ బిగిసినచోట మూడోవాడి వల్ల ఫలితం తారుమారు కావచ్చు. కాదని మేం బుకాయించం. అమెరికాలో 2000 సంవత్సరం అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా రాష్ట్రంలో జార్జి బుష్‌కు అల్ గోర్ మీద వచ్చిన ఆధిక్యం 537 ఓట్లు. అక్కడ మూడో మనిషి రాల్ఫ్ నాడర్‌కు పడ్డవి 97,488. అప్పటినుంచి ఆ నాడర్‌ను తిట్టనివాడు లేడు. డాలర్ల దేశంలో ఉన్న మనవాళ్లు కూడా ప్రతి ఎన్నికకూ ఇదే జగడం పెట్టుకుంటారు. కానీ ఫ్లోరిడాలో నాడర్ ఒక్కడే కాదు, పేరు కూడా ఎవరికీ గుర్తులేని చిన్న పార్టీల అభ్యర్థులకు ఒక్కొక్కరికీ 537 కంటే ఎక్కువే వచ్చాయి. ఎంతమందిని తిడతారు? తిట్టడం మాని బ్యాలెట్ మార్చుకున్నవాళ్లు కూడా ఆ దేశంలోనే ఉన్నారు. మెయిన్ రాష్ట్రంలో 2020 అధ్యక్ష ఎన్నికలో ఓటర్లు 1, 2, 3 అని వరస రాసి ఓటేశారు.

'అది చదువుకున్న దేశం, మనోళ్లకు అర్థమవుతుందా?' అనే అధికారులుంటారు. అంత దూరం వద్దు, సముద్రం దాటగానే ఉన్న శ్రీలంక చూడండి. అక్కడ అధ్యక్ష ఎన్నికలో తేయాకు తోట కూలి కూడా 1, 2, 3 వెయ్యొచ్చు. చాలామంది ఒక్కటే వేసి ఊరుకుంటారు, అది వాళ్ల ఇష్టం. 2024 సెప్టెంబరులో ఎవరికీ సగం దాటక, ఆ దేశంలో మొదటిసారి రెండో లెక్కింపు చేశారు. గెలిచిన అనుర కుమార దిసానాయకకు 2019లో నూటికి మూడు ఓట్లే వచ్చాయి. అప్పట్లో ఆయనా 'ఓటు పాడుచేసే' మూడోవాడే. మనదగ్గర తమాషా ఏమిటంటే, పట్టభద్రుల ఎన్నికల్లో డిగ్రీలున్నవాళ్ల ఓట్లే వేలకు వేలు చెల్లకుండా పోతుంటాయి. మరి చదువు సంగతి ఎవరికి చెప్తున్నారు?

ఎవడూ వద్దు అని చెప్పడానికి 2013లో నోటా బటన్ ఇచ్చారు. వీడు కాకపోతే వాడు అని చెప్పడానికి మాత్రం ఇవ్వరు. ఇస్తే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు. భయపెట్టి ఓటు గుంజుకునే పాత మంత్రం పనిచెయ్యదు. అసెంబ్లీకి ఒక్క ఓటే ఉండాలని దేవుడేం రాయలేదు, పార్లమెంటు చట్టం మారిస్తే మారుతుంది.

అప్పటిదాకా ఏం చెయ్యాలి? ఓటు చీలకుండా కాపాడుకుంటూ వచ్చాం కదా, దానివల్ల మిగిలిందేమిటో చూడండి. ఆదోనిలో 2009లో తెలుగుదేశం, 2014లో, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో బీజేపీ. ఎమ్మిగనూరులో 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో మళ్లీ తెలుగుదేశం. జెండాలు మారాయి. పంటలు ఎండిన ఏడాది గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయే కుటుంబాలు మాత్రం మూటలు కట్టుకుని, పిల్లలను బడి మాన్పించి, తాళాలేసుకుని పోతూనే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలొచ్చినప్పుడు నంద్యాల జిల్లా అయింది, ఆదోని కాలేదు. పాడు చేసుకోకుండా దాచుకున్న ఓటు ఇంతకంటే ఏం సంపాదించి పెట్టింది?

టీ కొట్టు దగ్గర ఆ మిత్రుణ్ని కూడా ఇదే అడిగాం. 2023లో ఎమ్మెల్సీకి ఎట్లా వేశావప్పా అంటే, పీడీఎఫ్‌కు 1 వేసి ఇంకొకరికి 2 వేశానన్నాడు. మరి నీ ఓటు పాడైందా అంటే నవ్వేశాడు. ఆయన తల్లి కైరుప్పలలోనే ఉంటుంది. చదువుకోలేదు. ఆలూరు నియోజకవర్గంలో ఆమెకు ఒక్క బటనే. కొడుక్కి రెండు ఇష్టాలు చెప్పుకునే హక్కుందని, తనకు లేదని ఆమెకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదట. ఈసారి ఊరికి పోయినప్పుడు చెప్తానన్నాడు. ఆమె ఏమంటుందో విని, వచ్చి మాకు చెప్పమన్నాం.