ఇంజక్టర్లు విప్పే ముందు తెలుసుకోవలసినవి

మన ఇల్లు – మన పనిముట్లు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సాలూరు వైపు నుండి వచ్చిన ఒక దానిని ముందుగా తీసుకుంటున్నాను. ఆ సోదరునికి పాత డీజిల్ అంబాసిడర్ కారు ఒకటి ఉన్నది. పెళ్లిళ్లకు, ఆసుపత్రి ప్రయాణాలకు బాడుగకు తిప్పుతూ ఇల్లు గడుపుకుంటున్నారు. సుంకి ఘాటీ ఎక్కేటప్పుడు వెనుక నల్లపొగ కమ్ముతున్నదట. ఉదయం పూట ఒక పట్టాన స్టార్టు కావడం లేదు. డీజిలు మునుపటికంటె ఎక్కువ తాగుతున్నది. “ఇంజక్టర్లు విప్పి కడిగించమంటున్నారు. నేనూ, ఇంటర్ చదివే మా అబ్బాయీ కలిసి ఇంటి దగ్గరే ఆ పని చేసుకోవచ్చునా?” అని అడిగారు.

విప్పుకోవచ్చును. పైపైన కడుగుకోవచ్చును. తిరిగి బిగించుకోవచ్చును. అయితే నాజిల్ ఎలా చిమ్ముతున్నదో చూసే పరీక్ష మాత్రం ఇంటి దగ్గర చేయరాదు. అది పంపు షాపులోనే జరగాలి. డబ్బు మిగిలే పని ఏది, చేతికి ముప్పు తెచ్చే పని ఏది అన్న తేడా తెలిస్తే చాలు, మిగిలినదంతా ఓపికతో చేయదగిన పనే.

ఇంజక్టరు చేసే పని

డీజిల్ ఇంజనులో ప్లగ్గు మంట ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కితే అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిలును సన్నని పొగమంచులాగా చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. అలా చిమ్మేదే ఇంజక్టరు. లోపల ఒక సూది, దాన్ని అదిమిపట్టే స్ప్రింగు ఉంటాయి. పంపు నుండి వచ్చే ఒత్తిడి స్ప్రింగు బలాన్ని మించగానే సూది లేస్తుంది, డీజిలు చిమ్ముతుంది, వెంటనే మూసుకుంటుంది.

పాత కార్ల, జీపుల ఇంజక్టర్లు సుమారు 100 నుండి 150 బార్ల ఒత్తిడి వద్ద తెరుచుకుంటాయి. కారు టైరులో ఉండే గాలి 2 బార్లు మాత్రమే. ఇక సూదికీ, అది కదిలే గొట్టానికీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో వెయ్యింట రెండు నుండి నాలుగు భాగాలు. మన తలవెంట్రుక మందంలో చాలా చిన్న వంతు మాత్రమే. అంతటి సున్నితమైన చోట మన ఎర్రమట్టి దుమ్ము ఒక్క రేణువు చేరినా గీత పడుతుంది. అప్పటినుండి నాజిలు చిమ్మడం మాని కారడం మొదలుపెడుతుంది. కారిన డీజిలు పూర్తిగా కాలదు. నల్లపొగ, ఇంజనులో కొట్టుడు శబ్దము, డీజిలు ఖర్చు అన్నీ దాని వెంటే వస్తాయి. అశ్రద్ధ చేస్తే పిస్టను తల కాలి రంధ్రం పడవచ్చు, డీజిలు కిందికి దిగి ఇంజను ఆయిలును పలుచన చేయవచ్చు.

తప్పు ఇంజక్టరుదేనా?

నల్లపొగ కనబడగానే ఇంజక్టర్ల మీద నేరం మోపకండి. ముందు ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి. ఊపిరాడని ఇంజను కూడా నల్లపొగే వదులుతుంది. డీజిలు ఫిల్టరు మార్చి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోండి. ఘాటీ మీద బరువు మించి ఎక్కించినా, పంపు టైమింగు తప్పినా ఇదే పొగ. ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే ఇంజక్టర్ల దాకా వెళ్లాలి.

ఏ సిలిండరులో లోపమో కనిపెట్టడానికి మేస్త్రీలు ఒక పాత పద్ధతి వాడుతారు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కొక్క ఇంజక్టరు పైపు నట్టును కొంచెం వదులు చేస్తారు. బాగున్న సిలిండరు దైతే ఇంజను శబ్దం వెంటనే మారుతుంది. మారకపోతే లోపం అక్కడే. ఇది అనుభవమున్న మేస్త్రి చేయవలసిన పని. నట్టు మీద మందపాటి గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకొని, చేతిని దూరంగా ఉంచి చేస్తారు. కొత్త తరం సీఆర్‌డీఐ బండ్లలో మాత్రం ఎవరూ ఇలా చేయరాదు. వాటి పైపులలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది.

విప్పే ముందు

ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసివేయండి. గాలికి దుమ్ము లేచే వీధిలో కాక, అలికిన వసారాలోనో, గచ్చు మీదనో బండి నిలపండి.

కోడిగుడ్ల అట్ట ఒకటి శుభ్రమైనది తెచ్చుకొని గుంతలకు 1, 2, 3, 4 అని అంకెలు వేయండి. ఏ సిలిండరు ఇంజక్టరు, దాని వాషర్లు ఆ గుంతలోకే వెళ్లాలి. నూలు రాలే కాటన్ వేస్టు ఈ పనికి పనికిరాదు. ఉతికిన పాత పంచె ముక్కలు మేలు. అంబాసిడరులో చాలా నట్లు ఇంచీ కొలతలవి. మిల్లీమీటర్ల పానా పెట్టి తిప్పితే నట్టు అంచులు గుండ్రమైపోతాయి. సరైన పానా దొరికిన తర్వాతే మొదలుపెట్టండి.

చివరగా, ఇంజక్టర్ల చుట్టూ ఉన్న జిడ్డు మట్టిని డీజిలు, బ్రష్షులతో కడిగి ఆరనివ్వండి. ఈ ఒక్క పని చేయకుండా విప్పితే ఆ మట్టి అంతా సిలిండరులోకే పడుతుంది.

విప్పే వరుస

మొదట ఇంజక్టర్ల పైన ఉండే సన్నని రిటర్ను పైపును తీయాలి. దాని బోల్టులకు రెండు పక్కలా చిన్న రాగి వాషర్లు ఉంటాయి, జారిపోనీయకండి.

తరువాత పంపు నుండి వచ్చే ఇనుప పైపులు. వీటిని ఇంజక్టరు దగ్గర, పంపు దగ్గర రెండు చోట్లా వదులు చేసి మొత్తంగా తీయాలి. ఒక వైపే వదులు చేసి పక్కకు వంచడం తగదు. వంచిన పైపు తిరిగి సరిగా కూర్చోదు, అక్కడే పగులుతుంది. నట్టు విప్పేటప్పుడు కింది భాగం కూడా తిరుగుతుంటే దానికి రెండవ పానా పెట్టి ఆపండి. పైపు తీసిన వెంటనే తెరిచి ఉన్న ప్రతి మూతికీ ప్లాస్టిక్ టోపీ తొడగండి. లేదా శుభ్రమైన ప్లాస్టిక్ కాగితం చుట్టి దారంతో కట్టండి.

ఇక ఇంజక్టరు. కొన్ని ఇంజన్లలో అది రెండు నట్లతో బిగించి ఉంటుంది, కొన్నింటిలో మరలాగా లోపలికి తిరిగి ఉంటుంది. నట్లున్న దానికి ఒక్క నట్టునే పూర్తిగా విప్పేయకుండా ఇటు అర చుట్టు, అటు అర చుట్టు వదులు చేయాలి. ఆ పైన ఇంజక్టరును కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ నిటారుగా పైకి లాగాలి.

ఏళ్ల తరబడి కదలనిది ఒక పట్టాన రాదు. తుప్పు వదిలించే నూనె చుట్టూ పోసి రాత్రంతా వదిలేయండి. మరునాడు మళ్లీ తిప్పండి. అప్పటికీ రాకపోతే లాగే పుల్లరు పంపు షాపులో ఉంటుంది. గడ్డపలుగు వేసి పెకలించడం, సుత్తితో మోదడం వద్దు. కొందరు నట్లు వదులు చేసి ఇంజను తిప్పుతారు, లోపలి ఒత్తిడికే ఊడి వస్తుందని. ఊడి వచ్చేది తూటాలాగా వస్తుంది. ఆ దారికి ఎన్నడూ పోకండి.

ఇంజక్టరు వచ్చాక దాని కింద ఉండే రాగి వాషరు కూడా వచ్చిందా అని చూడండి. చాలాసార్లు అది గుంతలోనే అతుక్కుని ఉండిపోతుంది. దాన్ని కొక్కెం తీగతో తీయాలి. పాతది లోపలే ఉండగా కొత్తది వేస్తే నాజిలు ఎత్తుగా కూర్చుంటుంది, చిమ్మే చోటు మారిపోతుంది. కొన్ని ఇంజన్లలో వేడిని ఆపే వంపు వాషరు కూడా ఉంటుంది. ఏ ముఖం పైకి ఉన్నదో చూసి అట్ట మీద రాసుకోండి. నాలుగు ఇంజక్టర్లకు నాలుగు వాషర్లు లెక్క తేలిన తరువాతే గుంతలలో పెద్ద గుడ్డముక్కలు కుక్కి మూయండి. చిన్న ముక్కలైతే లోపలికి జారిపోతాయి.

కడగడం ఎంతవరకు?

ఇంజక్టరును శుభ్రమైన డీజిలులోనో, కిరసనాయిలులోనో నానబెట్టి, పైన పట్టిన మసిని మెత్తని ఇత్తడి బ్రష్షుతో తుడవండి. పెట్రోలు వాడకండి, అది నిప్పును పిలుస్తుంది. నాజిలు రంధ్రంలో గుండుసూది గుచ్చరాదు. ఎమరీ కాగితం తగలనీయరాదు. నాజిలు నట్టు విప్పి లోపలి సూదిని బయటకు తీయడం ఇంటి పని కాదు. సూది, దాని గొట్టము జంటగా అరగదీసి చేసినవి. ఒక దాని సూది మరొక దానిలో వేస్తే రెండూ చెడినట్లే.

ఇక్కడినుండి కోడిగుడ్ల అట్టతో సహా పంపు షాపుకు పట్టుకువెళ్లండి. సాలూరు లారీలకు పేరుపొందిన ఊరు గనుక అక్కడివారికి ఇది కొత్త మాట కాదు. మేస్త్రి గారు నాజిలును పరీక్ష పంపుకు తగిలించి మీట నొక్కుతారు. నాలుగు సంగతులు మీరూ పక్కనే నిలబడి చూడండి. ఎంత ఒత్తిడికి తెరుచుకుంటున్నది? సన్నని మంచులాగా చిమ్ముతున్నదా, నీటి ధారలాగా వస్తున్నదా? చిమ్మేటప్పుడు గరగర శబ్దం వస్తున్నదా? ఆగిన తరువాత మూతి పొడిగా ఉన్నదా, బొట్టు వేలాడుతున్నదా? నాలుగూ నాలుగు ఇంజక్టర్లలో ఒకేలా ఉంటే మంచిది.

నాజిలు మార్చవలసి వస్తే పాతదాని మీద చెక్కిన నంబరుదే అడగండి. పాత పెట్టెల మీద మైకో అనీ, కొత్తవాటి మీద బాష్ అనీ ఉంటే కంగారు పడకండి. 1951లో బెంగుళూరులో మొదలైన మైకో కంపెనీయే 2008 నుండి బాష్ లిమిటెడ్ అయినది. అంబాసిడర్ల తయారీ ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో ఆగిపోయినది గనుక పాత విడిభాగం ఏదీ వెంటనే పారవేయకండి.

చేతుల సంగతి

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. కొన్ని చోట్ల పంపు షాపుకు వెళ్లే ఖర్చు ఎందుకని, ఇంజక్టరును బయటనే పైపుకు తగిలించి ఇంజను తిప్పి చిమ్ముడు చూస్తారు. చేతి కింద పనిచేసే కుర్రవాడు అరచేయి అడ్డుపెట్టి “బాగానే చిమ్ముతోందన్నా” అంటాడు. నాజిలు నుండి వచ్చే ఆ సన్నని ధార చర్మాన్ని సూదిమందులాగా చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి కనబడేది చీమ కుట్టినంత చుక్క. మొదట పెద్దగా నొప్పి కూడా ఉండదు. కొన్ని గంటలలో వేలు వాచి, బిగిసి, రంగు మారుతుంది. లోపల డీజిలు కండను చంపుతూ ఉంటుంది. ఆలస్యమైతే వేలు, ఒక్కొక్కసారి చేయి తీసివేయవలసి వస్తుంది.

ఎవరికైనా ఇలా జరిగితే పసుపు అద్ది, గుడ్డ కట్టి ఊరుకోకండి. పిసికి బయటకు తీయాలని చూడకండి. నొప్పి లేకపోయినా అదే గంటలో శస్త్రచికిత్స జరిగే పెద్ద ఆసుపత్రికి బయలుదేరండి. అవసరమైతే 108కి ఫోను చేయండి. డాక్టరుగారితో “గాయమైంది” అని మాత్రమే అనకుండా, “ఒత్తిడితో చిమ్మిన డీజిలు చర్మం లోపలికి పోయింది” అని స్పష్టంగా చెప్పండి. ఆ ఒక్క మాట చేతిని కాపాడగలదు.

తిరిగి బిగించడం

గుంత శుభ్రంగా తుడిచి కొత్త రాగి వాషరు వేయండి. నట్లు ఇటు కొంచెం, అటు కొంచెంగా సమానంగా బిగించండి. పైపు నట్లను మొదట వేళ్లతోనే తిప్పండి. మరలు కుదిరిన తరువాతే పానా పట్టండి.

పైపులలో గాలి చేరి ఉంటుంది గనుక ఇంజను వెంటనే అందుకోదు. ఫిల్టరు మీది గాలి స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు ఆగి డీజిలు నిండుగా వచ్చేవరకు ఉండి బిగించండి. ఇంజక్టరు పైపుల గాలి తీసేటప్పుడు మాత్రం మేస్త్రి పక్కన ఉండాలి. నట్లు వదులు చేసి సెల్ఫు కొట్టే ఆ సమయంలో నట్ల దగ్గర ఎవరి చేయీ, ముఖమూ ఉండరాదు. ఇంజను నడిచాక కారుడు ఉన్నదేమో అట్టముక్క పెట్టి చూడండి, వేలితో తడమకండి.

పెట్రోలు కార్ల వారికి ఒక మాట. కార్బ్యురేటరు ఉన్న పాత బండ్లలో ఇంజక్టరే ఉండదు. ఎంపీఎఫ్ఐ బండ్లలో ఉండేది కరెంటుతో తెరుచుకునే వేరే రకము. అక్కడి ఒత్తిడి తక్కువే గాని పెట్రోలు వల్ల నిప్పు భయం ఎక్కువ. ఆ పని షెడ్డుకే వదిలిపెట్టండి.

ఇంటర్ చదివే అబ్బాయికి ఈ పని తప్పక నేర్పండి. రేపు ఘాటీలో బండి ఆగితే ఆ విద్య అక్కరకు వస్తుంది. అయితే పానా పట్టడం నేర్పే ముందు చేయి ఎక్కడ పెట్టరాదో నేర్పండి. పాత నాజిలు పోతే కొత్తది కొనుక్కోవచ్చును.

వచ్చే నెల: వర్షాలకు ముందు బండి బ్రేకులు చూసుకునే విధము.