మూడో నంబరు అంటే ఏమిటి?

కార్తీకంలో బంగాళాఖాతాన అల్పపీడనం ఏర్పడిందంటే చాలు, కృష్ణపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారన్న వార్త టీవీ తెరపై ఎర్రటి అక్షరాలతో, సైరన్ మోతతో గంటగంటకూ వస్తూనే ఉంటుంది. మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా మత్స్యకార పాలేల్లోని పసివాళ్లు ఆ మోత వింటూనే నిద్రపోవలసి వస్తుంది. బెదిరిన పిల్లవాడు ఏమిటని అడిగితే పెద్దల జవాబు ఒక్కటే: "ఏం కాదు, పడుకో." ఆ మాటను పిల్లవాడు నమ్మడు, ఎందుకంటే తండ్రి పడవను గట్టుకు లాగి తాళ్లతో కట్టడం, తల్లి రేషను కార్డునూ బ్యాంకు పుస్తకాన్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టి బియ్యం డబ్బా అడుగున దాచడం అతడు కళ్లారా చూస్తున్నాడు. పెద్దలు చెప్పని ప్రమాదాన్ని పసిమనసు పదింతలు చేసి ఊహించుకుంటుంది.

ఈ తీరంలో భయానికి కారణాలు లేకపోలేదు. 1927లో నెల్లూరును, 1984లో శ్రీహరికోట ప్రాంతాన్ని, 1989లో కావలిని నవంబరు తుపాన్లే దెబ్బతీశాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ గాలీ వానా లేని ఆదివారం ఉదయం వచ్చిపడింది. కనుక సముద్రం ఏమీ చేయదనడం అబద్ధం. అంతకన్నా పెద్ద తప్పు మామూలు రోజుల్లో దానినే బూచిగా చూపడం: తినకపోతే అల వచ్చి ఎత్తుకుపోతుందని బెదిరించి ముద్ద మింగించిన ఇంట్లోనే, తుపాను రాత్రి వణికిన బిడ్డను పిరికివాడని మందలించడం అన్యాయం.

భయాన్ని తగ్గించే దారి కొత్తదేమీ కాదు. కుందేలును చూస్తే బెదిరే పీటర్ అనే బాలుడికి ఇష్టమైన తిండి పెడుతూ, ఆ కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు చేర్చి, చివరికి అతడే దాన్ని నిమిరేలా చేసిన వైనాన్ని అమెరికా మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ 1924లోనే ప్రకటించారు. భయపెట్టే వస్తువును దాచకుండా, ఒక్కసారిగా మీదికి తోయకుండా, తట్టుకోగలిగినంత మేరకే పరిచయం చేయడం ఈ పద్ధతిలోని కీలకం.

రేవు హెచ్చరికల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ఒకటో నంబరు అంటే దూరాన సముద్రంలో వాయుగుండం ఉన్నదని, మూడు అంటే రేవుకు ఈదురుగాలుల బెడద ఉన్నదని అర్థం. అయిదు, ఆరు, ఏడు అంకెలు తుపాను రేవుకు ఏ పక్కగా తీరం దాటుతుందో తెలుపుతాయే తప్ప అయిదుకన్నా ఆరు భయంకరం కాదు. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని మాత్రమే. నంబరును అరిచి చెప్పి అర్థం చెప్పకపోవడం వార్త అనిపించుకోదు. నాలుగో తరగతి పిల్లలకు ఈ పట్టిక ఒక్క పూటలో వస్తుంది. దానికి తోడు టార్చిలో బ్యాటరీలు చూడడం, పుస్తకాల సంచి సర్దుకోవడం వంటి చిన్న పని ఒకటి అప్పగిస్తే, చేతికి పని దొరికిన పిల్లవాడికి వణుకు తగ్గుతుంది.

అయితే ఇంటివారిని మాత్రమే తప్పుపట్టి ఊరుకోవడం తగదు. తుపాను రక్షిత భవనం, అంటే జనం షెల్టర్ అని పిలిచే కట్టడం, పిల్లలకు మొదటిసారి కనబడేది అర్ధరాత్రి కరెంటు పోయిన వేళ, తడిసిన జనం మధ్య, అపరిచితుల చేతుల్లో. ఏడాది పొడవునా తలుపుకు తాళం వేసి, పెచ్చులూడుతున్నా పట్టించుకోక, ముప్పు ముంచుకొచ్చాక తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కునే యంత్రాంగం పసివాళ్ల ధైర్యం గురించి మాట్లాడే అర్హతను పోగొట్టుకుంటుంది. ఆ తాళం వేసవిలోనే తీయాలి. నెలకొక పూట బడిని అక్కడే జరిపి, మధ్యాహ్న భోజనం అక్కడే వడ్డించి, నీళ్లు ఎక్కడ ఉంటాయో, మెట్లు ఎన్ని ఉన్నాయో, మేడ మీద నుంచి ఎండపూట సముద్రం ఎంత దూరాన కనబడుతుందో పిల్లలకు చూపించాలి.