మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించని దేశం కావాలి

భారతదేశం ప్రపంచంలోకెల్లా గొప్ప దేశమా కాదా అన్న వాదన ప్రతి ఆగస్టు 15కూ, జనవరి 26కూ వేదికల మీద, టీవీ చర్చల్లో, బడిపిల్లల వక్తృత్వ పోటీల్లో నడుస్తూనే ఉంటుంది. గొప్పదనేవారు సున్నా నుంచి చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతం దాకా సాక్ష్యాలు వరసపెట్టి చూపిస్తారు. కాదనేవారు తలసరి ఆదాయాన్నీ, సర్కారు ఆసుపత్రుల దుస్థితినీ ఏకరువు పెడతారు. ఉభయులూ పక్కన పెట్టేసే సాక్ష్యం ఒకటి ప్రతి నగరంలోనూ నడిరోడ్డు మీద, ఇనుప మూత కింద ఉంది. ఆ మూత తీసి మురుగులోకి మనిషిని దించడం పూర్తిగా ఆగిన నాడే ఈ వాదనకు దిగే అర్హత ఈ దేశానికి వస్తుందనీ, అందుకు చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 నాటి చట్టాన్ని తక్షణం సవరించాలనీ ఈ కరపత్రం కోరుతోంది.

2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో మురుగుకాలువలను మనుషులచేత శుభ్రం చేయించడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఫిబ్రవరి 2, ఆదివారం నాడు, అంటే ఉత్తర్వు వెలువడిన నాలుగో రోజున, ఆ జాబితాలో పేరున్న కోల్‌కతా శివార్లలోని బాన్‌తలా తోళ్ల పరిశ్రమల ప్రాంగణంలో ముగ్గురు కార్మికులు మ్యాన్‌హోల్‌లో ప్రాణాలు వదిలారు. దేశ అత్యున్నత న్యాయస్థానం నగరాల పేర్లు పెట్టి మరీ వద్దన్న పని వారం తిరగకముందే జరిగిందంటే, చట్టాన్ని అమలు చేయవలసినవారికి అది చట్టంగా కనిపించడం లేదనే అర్థం.

ఈ చావు ఎలా వస్తుందో తెలియనివారు 'ఊపిరాడక మృతి' అనే రెండు ముక్కల వార్త చదివి పేజీ తిప్పేస్తారు కనుక ఆ వివరం చెప్పుకోవాలి. మురుగు కుళ్లినప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. గాలిలో దాని పాలు పది లక్షల వంతుల్లో సుమారు వంద వంతులకు చేరేసరికి ముక్కు ఆ వాసనను పట్టడం మానేస్తుంది కాబట్టి, దిగినవాడికి గాలి బాగుపడినట్టే తోస్తుంది. అడుగున గట్టిపడిన పూడికను కాలితోనో గడ్డపారతోనో కదిలించగానే అందులో చిక్కుకుని ఉన్న వాయువు ఒక్కసారిగా పైకి తన్నుతుంది. పాలు వెయ్యి వంతుల దాకా పోతే రెండు మూడు శ్వాసల్లోనే స్పృహ పోయి మనిషి బురదలోకి బోర్లా పడిపోతాడు. పైనుంచి చూస్తున్న తోటి కార్మికుడు చేయి అందించబోయి లోపలికి దిగుతాడు, అతనూ లేవడు, మూడోవాడు దిగుతాడు. అందుకే ఈ వార్తల్లో ఇద్దరు ముగ్గురు కలిసి పోవడం తరచుగా కనిపిస్తుంది. పని మొదలుపెట్టేముందు అగ్గిపుల్ల గీసి చూడడం, మూత తీసి కాసేపు ఆగడం వంటి పాత పద్ధతులు పూడిక కింద దాగిన వాయువును కనిపెట్టలేవు.

2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో ఇదే జరిగింది. మ్యాన్‌హోల్‌లోకి దిగి పడిపోయిన ఇద్దరు కార్మికులు ఆంధ్రప్రదేశ్ నుంచి కూలికి వెళ్లినవారు. వారిని కాపాడడానికి లోపలికి దిగిన స్థానిక ఆటోడ్రైవరు కూడా వారితోపాటే చనిపోయాడు. ఆ మూడు మరణాలు కదిలించిన కేరళ యువ ఇంజినీర్లు మ్యాన్‌హోల్‌లోకి దిగి పూడిక తీసే 'బాండికూట్' అనే రోబోను తయారుచేయగా, 2018లో తిరువనంతపురంలో అది పనిలోకి దిగింది. చనిపోయినవారిలో ఇద్దరు తెలుగువారు, పరిష్కారం వెతికినవారు మలయాళీలు. ఈ సంగతి తెలుగు రాష్ట్రాల పాలకులను కలవరపెట్టవలసింది, పెట్టలేదు.

ఈ దుస్థితికి అజ్ఞానం కారణమని ఎవరూ చెప్పుకోలేరు. 1949లో బొంబాయి రాష్ట్రం బర్వే కమిటీని, 1957లో కేంద్రం మల్కానీ కమిటీని వేసి పాకీ పనివారి స్థితిగతుల మీద నివేదికలు రాయించుకున్నాయి. రాజ్యాంగం 17వ అధికరణం 1950లోనే అంటరానితనాన్ని రద్దుచేసింది. అయినా పొడి మరుగుదొడ్లను, అంటే నీటితో కడగకుండా మలాన్ని చేత్తో ఎత్తిపోయవలసిన దొడ్లను, నిషేధించే కేంద్ర చట్టం రావడానికి 1993 దాకా పట్టింది, అది అమల్లోకి రావడానికి 1997 జనవరి 26 దాకా పట్టింది. కోలారు బంగారు గనుల్లో పాకీ పనివారి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఎస్.ఆర్. శంకరన్ ముందు నిలిచి నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు ఎక్కితే తప్ప ఆ చట్టం సంగతి రాష్ట్రాలకు గుర్తుకు రాలేదు. 2014 మార్చి 27న వచ్చిన తీర్పు, 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షల రూపాయలు ఇవ్వాలన్నది. 2023 అక్టోబరు 20 నాటి తీర్పు దాన్ని 30 లక్షలకు పెంచింది. తీర్పులకు లోటు లేదు. లోటంతా 2013 చట్టం రాతలోనే ఉంది, ఈ కరపత్రం ప్రధానంగా నిలదీస్తున్నది ఆ రాతనే.

2013 చట్టం పైపైన చూస్తే కఠినంగానే ఉంటుంది. దాని 7వ సెక్షన్ మురుగుకాలువ, సెప్టిక్ ట్యాంకుల 'ప్రమాదకర శుభ్రత'కు ఎవరినీ పెట్టకూడదంటుంది. మొదటిసారి ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే ఐదేళ్లు, ఐదు లక్షలు. నేరం బెయిలుకు వీల్లేనిది. కానీ 'ప్రమాదకర శుభ్రత' అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో అసలు గుట్టు ఉంది. యజమాని రక్షణ సామగ్రి ఇవ్వకుండా, జాగ్రత్తలు పాటించకుండా చేయించిన పని మాత్రమే ప్రమాదకర శుభ్రత అని అక్కడ రాశారు. అంటే చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్కు ఇచ్చినట్టు కాగితం ఉంటే మనిషిని మలంలోకి దించడం నేరం కాకుండా పోతుంది. అంతటితో ఆగక, కేంద్రం ప్రకటించిన పరికరాలు, రక్షణ సామగ్రి వాడుతూ మలాన్ని శుభ్రం చేసే వ్యక్తిని చేతులతో మలం ఎత్తే కార్మికుడిగా భావించరాదని ఇంకో వివరణ చేర్చారు. ఒక చేత్తో నిషేధించిన పనిని చట్టం రెండో చేత్తో అనుమతించింది.

ఈ నిర్వచనాల ఫలితం పార్లమెంటులోనే బయటపడింది. చేతులతో మలం ఎత్తే పనివల్ల మరణాలేవీ నమోదు కాలేదని 2021లో కేంద్రం రాజ్యసభకు జవాబిచ్చింది. మురుగుకాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవారి లెక్క వేరే పద్దులో ఉంది. ఆ పద్దు ప్రకారం 2019 నుంచి 2023 వరకు కనీసం 377 మంది చనిపోయారు. మలంలో మునిగి చనిపోయినవాడు మలం ఎత్తే పనివాడు కాదట! చనిపోయిన మనిషికి పేరు మార్చి, ఆ పేరుగల మనుషులెవరూ చనిపోలేదని చట్టసభకు చెప్పడం కన్నా పెద్ద అవమానం ఏముంటుంది? ఆ 377 కూడా అధికారికంగా ఒప్పుకున్నవారి లెక్కే. అపార్టుమెంటు సెప్టిక్ ట్యాంకులో పడి పోయినవారిని ప్రమాదవశాత్తు మరణంగా రాసుకుని, గుట్టుచప్పుడు కాకుండా ఎంతో కొంత కుటుంబం చేతిలో పెట్టి పంపేసే రాజీలు ఏ లెక్కలోకీ ఎక్కవు.

మరి పట్టుబడేది ఎవరు? మున్సిపాలిటీ పనిని ఏజెన్సీకి ఇస్తుంది, ఏజెన్సీ సబ్ కాంట్రాక్టరుకు ఇస్తుంది, అతను మేస్త్రీకి చెబుతాడు, మేస్త్రీ అడ్డా మీద నిలబడ్డ కూలీని తీసుకువస్తాడు. కూలీ చనిపోతే కేసు మేస్త్రీ మీదో, పరారైన సబ్ కాంట్రాక్టరు మీదో నమోదవుతుంది, అదీ ఎక్కువసార్లు నిర్లక్ష్యంవల్ల మరణం అనే మామూలు సెక్షను కింద. 2013 చట్టం ఎఫ్‌ఐఆర్‌లో కనిపించదు. ఎస్సీ, ఎస్టీలచేత చేతులతో మలం ఎత్తించడాన్ని అత్యాచారంగా చేర్చి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చిన అత్యాచారాల నిరోధక చట్ట సవరణా కనిపించదు. టెండరు పిలిచిన అధికారి, బిల్లు మీద సంతకం పెట్టిన ఇంజినీరు మరునాడు యథాప్రకారం ఆఫీసుకు వెళతారు. ఇది హత్య అని సఫాయి కార్మికులు 2015 డిసెంబరు నుంచి 2016 ఏప్రిల్ వరకు 125 రోజులు దిబ్రూగఢ్ నుంచి ఢిల్లీ దాకా భీమ్ యాత్ర చేసి చెప్పారు. ఆ మాట అతిశయోక్తి అనుకునేవారు మురుగులోకి దిగేవారి కులం చూడాలి. మురుగు కార్మికుల కోసం పెట్టిన నమస్తే పథకం కింద కేంద్రం 2024 నాటికి వివరాలు సేకరించిన 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలే. ఒక్క ఎస్సీలే 69 శాతం. ఆ మ్యాన్‌హోల్‌లో అగ్రకులాల బిడ్డలు చనిపోతూ ఉంటే యంత్రాలు ఎప్పుడో వచ్చి ఉండేవి.

యంత్రాలు తేవడానికి చెప్పే అభ్యంతరాల్లో పసలేదు. యంత్రాలకు డబ్బు లేదంటారు. సుందరీకరణకూ, విగ్రహాలకూ ఉన్న డబ్బు దీనికి లేకపోవడం లోటు బడ్జెట్ కాదు, బుద్ధి లోపం. ఇరుకు సందుల్లోకి యంత్రం పోదంటారు. 2017లోనే హైదరాబాద్ జలమండలి సందుల్లో తిరగగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను, అంటే నీటిని ఒత్తిడితో చిమ్మి పూడికను కదిలించే బండ్లను, దళిత యువతను యజమానులుగా చేసి రంగంలోకి దించింది. శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 ద్వారా 26 కిలోల రోవర్‌ను చంద్రుడి మీద నడిపించిన దేశానికి పది అడుగుల గొయ్యిలోకి యంత్రాన్ని దించడం రాదంటే నమ్మేవారెవరు? యంత్రాలు వస్తే కార్మికుల పొట్ట కొట్టినట్టవుతుందనే సానుభూతి మాటలను కార్మికులే ఎన్నోసార్లు తిప్పికొట్టారు. ఇటువంటివి బయటికి చెప్పడం దేశం పరువు తీయడమేననే వాదనకు జవాబు అక్కరలేదు.

మనసులు మారేదాకా ఆగాలనే నీతిబోధ కూడా చెల్లదని రైల్వే నిరూపించింది. బోగీల నుంచి మలం నేరుగా పట్టాల మీద పడినంతకాలం దాన్ని ఊడ్చడానికి స్టేషన్లలో మనుషులు కావలసి వచ్చారు; డీఆర్‌డీవోతో కలిసి రూపొందించిన బయో టాయిలెట్లను ఇంచుమించు అన్ని ప్రయాణికుల బోగీలకూ అమర్చాక ఆ పని అవసరమే తగ్గిపోయింది. అక్కడ మారింది ఇంజినీరింగు, దాని వెనుక కోర్టు ఒత్తిడి ఉంది. ఇదే పట్టుదల స్వచ్ఛ భారత్‌లో లోపించింది. 2014 అక్టోబరు 2 తర్వాత పల్లెల్లో పది కోట్లకు పైగా మరుగుదొడ్లు కట్టారు. నిండిన గుంతను ఎవరు ఖాళీ చేయాలన్న ప్రశ్నను మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. ఒక గుంత నిండాక రెండోదాన్ని వాడుతూ, మొదటిదాన్ని ఏడాదికి పైగా మూసి ఉంచితే మలం ఎరువుగా మారే జంట గుంతల పద్ధతి అందుబాటులో ఉన్నా, చాలాచోట్ల సెప్టిక్ ట్యాంకులనే కట్టారు. వాటిలోకి దిగబోయే మనుషులు ఈ రోజు బడికి పోతున్న పిల్లలు.

కనుక 2013 చట్టంలోని 'ప్రమాదకర శుభ్రత' నిర్వచనాన్ని తీసివేసి, రక్షణ సామగ్రి ఉన్నా లేకపోయినా ఏ కారణం చేతనైనా మురుగుకాలువలోకీ, సెప్టిక్ ట్యాంకులోకీ మనిషిని దించడమే నేరమని రాయాలి. మలం ఎత్తే కార్మికుడి నిర్వచనానికి ఉన్న మినహాయింపును రద్దుచేసి, మురుగు కార్మికులను ఆ నిర్వచనంలోకి తేవాలి. మరణం జరిగినచోట కాంట్రాక్టరుతోపాటు మున్సిపల్ కమిషనరును, ప్రైవేటు ట్యాంకైతే దాని యజమానిని నిందితులుగా చేర్చడం తప్పనిసరి చేయాలి. 30 లక్షల పరిహారాన్ని నెల రోజుల్లో ప్రభుత్వమే చెల్లించి, తర్వాత బాధ్యుల నుంచి వసూలు చేసుకోవాలి. యంత్రాలు కార్పొరేషన్లకే పరిమితం కాకుండా ప్రతి మున్సిపాలిటీకీ చేరాలి, వాటిని నడిపే ఉద్యోగాలు ఇప్పటివరకు దిగినవారికే, పర్మనెంటు హోదాలో దక్కాలి.

1993 చట్టం కోసం పార్లమెంటుకు తీర్మానం చేసి పంపిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాష్ట్రం విడిపోయాక ఆ వారసత్వం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు రెండింటిదీ. వచ్చే సమావేశాల్లోనే పై సవరణలు కోరుతూ రెండూ తీర్మానాలు చేయాలని ప్రతి నియోజకవర్గం ఓటర్లూ తమ ఎమ్మెల్యేను లిఖితపూర్వకంగా అడగాలి. తమ పట్టణంలో జెట్టింగ్ యంత్రాలెన్ని ఉన్నాయో, గత ఏడాది మ్యాన్‌హోళ్లలోకి ఎవరిని దించారో సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టాలి. వీధిలో ఎక్కడైనా మూత తీసి మనిషి దిగుతుంటే పనిని అక్కడే ఆపించి, 14420 నంబరుకు ఫోను చేసి, దించుతున్నవారి మీద 7వ సెక్షన్ కింద పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి.