మా మాట: కోట బురుజులు, బటన్ల పేచీ

ఉగాది సంచిక వెలువడిన మూడవనాడు ఒక పెద్దమ్మగారు మాకు ఫోను చేసినారు. "నాయనా, మనుమరాలి పెండ్లి ఫోటో చూద్దామని నొక్కితే పోయినవారి పేర్లు వస్తున్నవి. రెండుసార్లు నొక్కినాను, రెండుసార్లూ అంతే. మళ్ళీ ముట్టుకోవటానికి చేయి రాలేదు. నా వల్ల ఏమైనా పొరపాటా?" అని అడిగినారు. "లేదండీ, పొరపాటు మాదే" అన్నాము. అన్నామే గాని, ఆ పొరపాటు ఏమిటో ఆ క్షణాన మాకూ తెలియదు. తెలిసికొన్న తరువాత, మన కుటుంబాలవారందరికీ చెప్పవలెనని ఈ మాసం ఈ పుటను దానికే కేటాయించినాము. పెండ్లిపత్రికలూ, గృహప్రవేశపు పిలుపులూ ఇంటింటా కంప్యూటరు మీదనే తయారవుతున్న రోజులివి గదా!

జరిగినది ఇది. కాగితపు సంచికతోబాటు, దూరదేశాలలో ఉన్న మన పిల్లలకోసం ఒక పీడీఎఫ్ సంచిక కూడ సిద్ధం చేసినాము. ముఖపత్రం మీద మన దేవనహళ్ళి కోట బొమ్మ వేయించినాము. 1501లో కట్టిన మట్టికోట హైదరలీ, టిప్పుల కాలంలో రాతికోట అయినది. కోడిగ్రుడ్డు ఆకారంలో తిరిగివచ్చే ఆ గోడకు పన్నెండు అర్ధవృత్తాకారపు బురుజులు. ఒక్కొక్క బురుజునూ ఒక్కొక్క శీర్షికకు బటనుగా చేసినాము. ఒకటి నొక్కితే పెండ్లిండ్లు, ఒకటి నొక్కితే పరీక్షలలో నెగ్గిన పిల్లలు, ఒకటి నొక్కితే మన ఊరి చకోత పండుతో వంటకాలు, ఒకటి నొక్కితే సంతాపవార్తలు. సంతాపపు బురుజు నుండి ఒక సన్నని నల్ల రిబ్బను, పెండ్లిండ్ల బురుజును తాకకుండ, దాని పక్కగా ఏటవాలుగా జారుతున్నట్లు వేయించినాము. బాగున్నదని మమ్ము మేమే మెచ్చుకొన్నాము కూడ.

అచ్చుపని తెలిసిన మన కుర్రవాడొకడు సంచికను తెరచి చూచి నవ్వినాడు. "మీకు కనబడేది రిబ్బను, యంత్రానికి కనబడేది పెట్టె" అన్నాడు.

పీడీఎఫ్‌లో బటను ఉన్న చోటును ఒక దీర్ఘచతురస్రంగా వ్రాసిపెట్టుకొంటారు. ఒక మూల ఇక్కడ, దాని ఎదుటి మూల అక్కడ అని, అంగుళంలో 72వ వంతు కొలతతో లెక్క. లోపలి బొమ్మ గుండ్రనిదైనా, చంద్రవంకైనా, నక్షత్రమైనా సరే, చుట్టూ ఉన్న పెట్టె మాత్రం నలుపలకలే. ఆ పెట్టెలోని ఖాళీ జాగా కూడ బటనే. మంచం మీద ఈ మూలనుండి ఆ మూలకు చేతికర్ర పెట్టినామనుకోండి. కర్ర లావు బొటనవ్రేలంతే. దానిచుట్టూ మంచం అంచుల వెంబడి గీత గీస్తే మంచమంతా ఆ గీతలో పడుతుంది. మా రిబ్బను ఆ కర్రవంటిది. దానిని బురుజుతో కలిపి ఒకే బటను చేయటంచేత, పక్కనున్న పెండ్లిండ్ల బురుజు మొత్తం ఆ పెట్టె క్రింద పడిపోయినది.

రెండవ సంగతి. ఒకదానిమీద ఒకటి బటన్లు పడినప్పుడు, నొక్కు పైనున్నదానికే చెందుతుంది. పేజీలోని బటన్లకు ఒక వరుస ఉన్నది. సాధారణంగా చివర చేరినది అన్నిటికంటె పైన ఉంటుంది. సంచిక ముగించే రాత్రి మాకు ఒక దుర్వార్త అందినది. ఆ బటను చివర చేర్చినాము. అందుచేత అది పైకెక్కి కూర్చున్నది.

పైది పారదర్శకంగా ఉన్నదిగదా, క్రిందిదాన్ని నొక్కనిస్తుందిలే అనుకొనేవారికి ఒక హెచ్చరిక. కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు. రంగు లేని బటను కూడ నొక్కును పట్టుకొంటుంది. దాచివుంచమని ప్రత్యేకంగా అమర్చితేనే అది ప్రక్కకు తప్పుకొంటుంది.

ఈ పీడీఎఫ్ పుట్టినది 1993లో, అడోబీ సంస్థ చేత. ఏ యంత్రంలో తెరచినా పుట ఒకే తీరుగా కనబడవలెనన్నదే మొదటి కోరిక. పూరించే పత్రాలూ, బటన్లూ 1996లో వచ్చి చేరినవి. 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. హైదరాబాదులో పుట్టిన శంతను నారాయణ్ 2007లో ఆ సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారి అయినప్పుడు మనవారంతా సంతోషించినారు. చూపుకు పుట్టినదానికి తరువాత స్పర్శ వచ్చినది గనుక, ఆ రెంటికీ పొత్తు కుదర్చవలసిన భారం తయారుచేసేవారిదే.

మేము దిద్దుకొన్న తీరు చెప్పుతాము, మీకూ పనికివస్తుంది. కోటను వట్టి బొమ్మగా అడుగున ఉంచినాము. ఒక్కొక్క బురుజు కడుపులో రంగులేని చిన్న నలుపలక బటను పెట్టి, రెండింటి నడుమ జాగా విడిచినాము. రిబ్బనుకు బటను తీసివేసినాము. ఏటవాలు బొమ్మే నొక్కదగినది కావలెనంటే, దాని పొడుగునా మూడునాలుగు చిన్న పెట్టెలు పేర్చి అన్నిటికీ ఒకే పని అప్పగించవచ్చును. పెద్దదానిలో చిన్నది ఉండక తప్పకపోతే చిన్నదానిని పైకి తేవలెను.

వ్రేలికి సెంటీమీటరు చోటైనా కావలె. ఏ4 పుట వెడల్పు 21 సెంటీమీటర్లు, ఫోను అద్దం వెడల్పు ఏడు. పుట మూడోవంతుకు కుదించుకుపోతుంది గనుక, పుటమీద మూడు సెంటీమీటర్లు ఉంటేగాని ఫోనులో ఒకటి దక్కదు. కొన్ని ఫోన్లలో ఈ బటన్లు అసలు పనిచేయవు. అందుకని రెండవ పుటలో పుట సంఖ్యలతో మామూలు విషయసూచిక కూడ వేసినాము.

దిద్దిన సంచికతో మేమే పెద్దమ్మగారి ఇంటికి పోయినాము. ఆమె వెంటనే నొక్కలేదు. మా ముఖం చూచి, తరువాత ఫోను చూచి, మెల్లగా వ్రేలు ఆనించినారు. పెండ్లికూతురు కనబడినది. "మూడురోజులనుంచీ పిల్ల అడుగుతున్నది, ఫోటో చూచినావా అవ్వా అని. ఏమని చెప్పేది?" అన్నారు.

మా మనసులో నిలిచిపోయినది ఆ మాటే. పిల్లలైతే మరొకసారి నొక్కి నవ్వుకొంటారు. పెద్దలు తమనే తప్పుపట్టుకొని, ఫోను ప్రక్కన పెట్టి ఊరకుంటారు, మనకు చెప్పరు. కనుక మీరు ఇటువంటిదేదైనా తయారుచేస్తే, బంధువులకు పంపకముందు ఇంటిలో అందరికంటె పెద్దవారి చేతిలో పెట్టండి. ఎక్కడ నొక్కవలెనో చెప్పకండి. వారి వ్రేలు ఎక్కడికి పోతుందో చూచి, దానినిబట్టి దిద్దుకోండి.