లోతు తెలిసి దిగుదాం

మన పెద్దవాళ్ళు మనకు రెండు సామెతలిచ్చి పోయారు. ఒకటి "ఆలస్యం అమృతం విషం". రెండోది "నిదానమే ప్రధానం". ఏది ఎప్పుడు పాటించాలో మాత్రం చెప్పలేదు. అది మన బుద్ధికే వదిలేశారు. స్కూబా డైవింగ్‌లో మొదటి సర్టిఫికెట్ పుచ్చుకున్న విద్యార్థికి ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇదే. రెండో మెట్టయిన అడ్వాన్స్‌డ్ కోర్సు వెంటనే చెయ్యాలా, కొన్నాళ్ళు ఆగాలా?

"ఇది మనకెందుకయ్యా?" అనే మిత్రులుంటారు. కానీ ఇవాళ మన కుర్రవాళ్ళూ, అమ్మాయిలూ సెలవులు దొరికితే అండమాన్‌లోని హావ్‌లాక్‌కు (2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్), కర్ణాటక తీరంలోని నేత్రాణికి వెళ్ళి డైవింగ్ చేస్తున్నారు. మన విశాఖ రుషికొండలోనే నేర్పేవాళ్ళున్నారు. కాబట్టి ఈ చర్చ మన గుమ్మం దాకా వచ్చినట్టే.

ముందు నియమాలు చూద్దాం. 1966లో అమెరికాలో పుట్టిన 'ప్యాడి' సంస్థ వారి ఓపెన్ వాటర్ కోర్సులో నాలుగు డైవులు ఆరుబయటి నీళ్ళలో చేయిస్తారు. అది పూర్తయితే 18 మీటర్ల దాకా దిగవచ్చు. అడ్వాన్స్‌డ్ కోర్సులో మరో అయిదు డైవులు. వాటిలో లోతు డైవు, దిక్సూచితో నీటి అడుగున దారి కనుక్కోవడం తప్పనిసరి. అది అయితే 30 మీటర్లు. రెంటి మధ్య ఇన్ని రోజులు ఆగాలన్న నిబంధన లేదు. ఇవాళ కార్డు తీసుకుని రేపే చేరవచ్చు. 1970లో మొదలైన ఎస్.ఎస్.ఐ. సంస్థ మాత్రం అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ అనే హోదాకు నాలుగు ప్రత్యేక శిక్షణలూ, 24 డైవులూ కావాలంటుంది. పేరు ఒకటే, కొలత వేరు! ఏతావాతా నిబంధనల పుస్తకంలో మన ప్రశ్నకు జవాబు లేదు.

జవాబు ఇంటర్మీడియట్ ఫిజిక్సులో ఉంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం చొప్పున పీడనం పెరుగుతుంది. 18 మీటర్ల దగ్గర మొత్తం 2.8, 30 మీటర్ల దగ్గర 4. గాలి ఖర్చు కూడా అదే లెక్కన పెరుగుతుంది. 12 లీటర్ల సిలిండరును 200 బార్లకు నింపితే 2,400 లీటర్ల గాలి. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి, 50 బార్లు ఆపద కోసం అట్టేపెట్టుకుంటే, 18 మీటర్ల దగ్గర అది 32 నిమిషాలొస్తుంది. 30 మీటర్ల దగ్గర 22 నిమిషాలే. కంగారుపడి గబగబా పీల్చేవాడికి ఇంకా తక్కువ. పైగా ప్యాడి పట్టిక ప్రకారం 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలున్న గడువు, 30 మీటర్ల దగ్గర 20కి పడిపోతుంది.

ఇలాంటి పట్టికలకు మూలపురుషుడు జాన్ స్కాట్ హాల్డేన్. మేకల మీద పరీక్షలు జరిపి 1908లో తొలి పట్టికలు ప్రకటించాడు. ఆయన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీడన గదిలో తానే కూర్చుని, ఒత్తిడిలో నైట్రోజన్ మనిషి తెలివిని ఎలా మందగింపజేస్తుందో పరిశీలించాడు. 1957లో మన దేశం వచ్చి స్థిరపడ్డ ఆ మహానుభావుడు 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూస్తూ, తన దేహాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు. ఆయన పరిశీలించిన ఆ మత్తు చాలామందికి 30 మీటర్ల ప్రాంతంలోనే మొదలవుతుంది. మత్తెక్కినవాడికి తనకు మత్తెక్కిందని తెలియదు. అదే అసలు ప్రమాదం.

అందుచేత వరసబెట్టి రెండు కోర్సులూ కానిచ్చేసి, జేబులో రెండు కార్డులతో ఇంటికి రావడం నాకు సమ్మతం కాదు. తొమ్మిది డైవులు చేసినవాడు ముప్ఫై మీటర్లకు అర్హుడని కార్డు చెప్పవచ్చు గాని, వాడి చేతులూ ఊపిరీ ఆ మాట చెప్పాలి కదా! అట్లాగని "వంద డైవులు చేశాకే" అనే ఛాందసమూ నాకు పనికిరాదు. అడ్వాన్స్‌డ్ కోర్సు అంటే ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండి నేర్పే పాఠమే. అది వద్దనుకుని, ఎవరో ముందు పోతున్నారని వెనకాలే 30 మీటర్లకు దిగేవాడు అంతకన్నా తెలివితక్కువవాడు.

మరి ఎప్పుడు? రోజులు లెక్కపెట్టకండి. మిమ్మల్ని మీరు నాలుగు ప్రశ్నలడగండి. పైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర తాడు పట్టుకోకుండా మూడు నిమిషాలు కదలకుండా నిలబడగలరా? గేజి చూడకముందే సిలిండరులో ఎంత గాలి మిగిలిందో ఉజ్జాయింపుగా చెప్పగలరా? మీ జతగాడు ఎక్కడున్నాడో ప్రతి క్షణం తెలుసా? ఒంట్లో బాగాలేనప్పుడు, పడవ ఎక్కాక కూడా, "ఇవాళ నేను దిగను" అనగలరా? నాలుగింటికీ అవునని నిజాయితీగా చెప్పగలిగిన రోజున ఆలస్యం చెయ్యకండి. ఒకరికి అది పదో డైవు కావచ్చు, మరొకరికి ముప్ఫయ్యోది. ఏడాదికోసారి దిగేవాళ్ళయితే ముందు పాతపాఠం మళ్ళీ దిద్దుకోండి.

అన్నిటికన్నా కష్టమైనది నాలుగో ప్రశ్న. స్నేహితులంతా దిగుతుంటే ఒక్కడే పడవలో కూర్చోవడం మన వయసులో చిన్నతనంగా ఉంటుంది. హాస్టల్లో నాలుగు రోజులు ఆటపట్టిస్తారు కూడా. పట్టించనివ్వండి! ఇంట్లో అమ్మానాన్నలు ఫీజు కట్టి పంపింది మనం ఎంత లోతుకు దిగామో చూడ్డానికి కాదు, క్షేమంగా తిరిగివస్తామని. సముద్రం ఎక్కడికీ పోదు మిత్రులారా. ముప్ఫై మీటర్ల లోతు వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది.