నడుము మీది బరువు

నడుము కట్టడమంటే పనికి పూనుకోవడం. నడుము వాల్చడమంటే విశ్రమించడం. శ్రమనూ విశ్రాంతినీ ఒక్క అవయవంతోనే చెప్పుకొన్న భాష మనది. ఇందుకు సరిపడే జంట నాకు ఆంగ్లంలో ఇంతవరకు దొరకలేదు. కట్టడాల కూలీకి మాత్రం ఈ రెండింటిలో మొదటిదే దక్కుతున్నది.

బస్తరు దక్షిణాన, బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా ఉసూర్ ఉన్నది. ఆ ప్రాంతపు ఆదివాసులు మిరప కోతలకు, కూలిపనులకు గోదావరి వైపు వస్తుంటారు. స్వగ్రామంలో వారి మోత సాధనం కావడి. బద్దకు రెండు కొసలా సరితూగుతూ వేలాడే ఆ భారం భుజం మీదుగా, నిటారుగా నిలిచిన వెన్నుపైకి దిగుతుంది. కట్టడం వద్ద అదే మనిషి చేతికి పార, తట్ట, 50 కిలోల సిమెంటు బస్తా వస్తాయి. చిక్కు అక్కడ మొదలవుతుంది.

వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్ళలుంటాయి. 1960లలో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ వాటిలోనికి సూది దించి ఒత్తిడిని కొలిచాడు. నిలుచున్నప్పటికంటె ముందుకు వంగినప్పుడు అది అధికమనీ, చేత బరువుంటే ఇంకా పెరుగుతుందనీ తేలింది. ఇది త్రాసుకాడ న్యాయమే. బరువు దేహానికి ఎంత దూరమైతే వెన్ను కండరాలు అంత బలంగా వెనుకకు లాగవలసి వస్తుంది; ఆ లాగుడు బిళ్ళపై పడుతుంది. వంగి, నడుము మెలితిప్పి తట్ట అందించడం మరింత హానికరం.

మోకాళ్ళు వంచి, బరువును పొట్టకు ఆనించి లేవాలనీ, తిరగవలసివస్తే పాదాలతో తిరగాలనీ వైద్యులు చెబుతారు. మంచిమాటే. కాని ఎత్తే పద్ధతి నేర్పినంత మాత్రాన నడుము నొప్పులు తగ్గలేదని పలు పరిశీలనలు చూపాయి. మార్చవలసింది మనిషి వంపునుకాదు, పని అమరికను. ఇటుకలను, మాలును నేలమీద గాక నడుమెత్తు బల్లపై ఉంచితే తాపీమేస్త్రీ రోజంతా వంగనక్కరలేదు. బస్తాను ఇద్దరు పట్టవచ్చు, తోపుడు బండి వాడవచ్చు. బ్రిటనులో సిమెంటును 25 కిలోల సంచులలో అమ్ముతారు.

మన దేశంలో 1998 నాటి కేంద్ర నిబంధనలు ఒక్కరు మోయదగిన బరువును పురుషునికి 55 కిలోలు, స్త్రీకి 30 కిలోలుగా నిర్ణయించాయి. బస్తా ఆ 55లో చక్కగా ఇమిడిపోయింది! అటువంటివి నూరు మోస్తే 5 టన్నులన్న లెక్క ఆ అంకెలో లేదు.

ఇక చికిత్స. పట్టేసిన నడుముకు వారాల తరబడి మంచమే మందని పూర్వం భావించేవారు. 1986లో అమెరికాలో రిచర్డ్ డేయో బృందం ప్రకటించిన పరిశోధనలో రెండు రోజుల పడక ఏడు రోజుల పడకకు ఏమాత్రం తీసిపోలేదు. అధిక సంఖ్యాకులకు నొప్పి కొన్ని వారాలలో తగ్గుతుంది. కాపడం, నడక, క్రమంగా పనిలోకి మరలడం మేలు. బరువు పని మాత్రం కొన్నాళ్ళు తప్పించాలి. రోజుకూలీకి ఆ తేలికపని ఎవరిస్తారు? నొప్పి మాత్ర మింగి మరునాడే తట్ట ఎత్తుతాడు. మేస్త్రీ అతనికి కొన్నాళ్ళు ఇనుపకమ్మీలు కట్టే పనో, గోడ తడిపే పనో అప్పగిస్తే ఆ మాత్రల అవసరం చాలవరకు తీరుతుంది. కమ్మీలు నేలమీద గాక బల్లమీద కట్టించాలి సుమా!

కాలు బలహీనపడినా, తొడల మధ్య స్పర్శ నశించినా, మూత్రం బిగిసినా, అదుపు తప్పినా జాగు చేయరాదు. అదే రోజు పెద్దాసుపత్రికి చేర్చాలి. పరంజా మీది నుండి పడినవానిని కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తరాదు, కూర్చోబెట్టరాదు. కదపక 108కి కబురంపాలి. కదపక తప్పకపోతే నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేట్లు వెడల్పాటి పలకపైకి చేర్చాలి. పలకలేని కట్టడం ఉండదు గదా.