కళాకారిణికి ప్రసూతి సెలవేది?

పుదుచ్చేరి ప్రాంతపు విలియనూరు మట్టిబొమ్మలకూ, తిరుక్కనూరు కాగితపు గుజ్జు బొమ్మలకూ భౌగోళిక గుర్తింపు లభించినది. కాని బొమ్మకు దక్కిన గుర్తింపు, దానికి రంగులద్దు తల్లికి దక్కలేదు.

మన రైల్వే, తపాలా శాఖల ఉద్యోగినులకు 2008 నుండి 180 దినముల ప్రసూతి సెలవు, శిశు సంరక్షణకై 730 దినముల సెలవు కలవు. సంఘటిత శక్తి లేనిదే ఇవి లభించెడివి కావు. ప్రైవేటు రంగమున 2017 సవరణతో సెలవు 26 వారములైనది. అయితే ఆ చట్టమునకు యజమాని కావలెను. ఇంటి వసారాలో నాట్యము నేర్పు స్త్రీకి యజమాని ఎవరు? మాతృ వందన పథకము తొలి కాన్పుకు ఇచ్చునది 5,000 రూపాయలు. అది వేతనము కానేరదు.

భానుమతిగారిని చూపి, "సాధ్యమే కదా!" అనువారున్నారు. నిజమే, 1953లో ఆమె 'చండీరాణి'ని మూడు భాషలలో దర్శకత్వము వహించి తీసిరి. చిత్రసంస్థకూ, స్టూడియోకూ కుమారుడు భరణి పేరే పెట్టిరి. స్వంత స్టూడియో గల తల్లికి వేళలు తన చేతిలోనివి. కచేరీకి పిలుపు కొరకు ఎదురుచూచు తల్లికో?

మన మహాసభలకు గాయనిని పిలిచినపుడు, చంటిబిడ్డను వేదిక వెనుక ఎవరెత్తుకొందురని అడిగితిమా? ముప్పది ఏండ్లలో నేనును అడుగలేదు.

కళాకారిణులకు సంక్షేమ నిధి ద్వారా ఆరు మాసముల ప్రసూతి భృతి చెల్లింపవలెనని పుదుచ్చేరి ప్రభుత్వమును కోరు తీర్మానమును మన శాఖలు చేయవలెను. రాబోవు మహాసభలో బిడ్డలకొక గది, ఒక ఆయా ఏర్పాటును ఆహ్వాన సంఘము ఇప్పుడే చేయవలెను.